డిస్నీ ఆన్ ఐస్‌కి పిల్లల్ని తీసుకెళ్తున్నారా? బొమ్మలకీ చిరుతిళ్ళకీ ముందే లెక్క వేసుకోండి

అమెరికాలో చిన్న పిల్లలున్న తెలుగు ఇళ్ళలో ఎప్పుడో ఒకప్పుడు డిస్నీ ఆన్ ఐస్, అంటే డిస్నీ పాత్రలు ఐసు మీద స్కేటింగ్ చేసే షో, ముచ్చట రాక తప్పదు. స్కూల్లో ఫ్రెండెవరో వెళ్ళొచ్చానని చెప్తారు, లేదా ఫ్రీవే పక్కన బోర్డు మీద ఫ్రోజెన్ సినిమాలోని ఎల్సా కనపడుతుంది, ఇక ఆ రోజు నుంచీ ఇంట్లో ఒకటే గోల. టికెట్ల విషయంలో మనం జాగ్రత్తగానే ఉంటాం. శనివారం మధ్యాహ్నం షో కంటే గురువారం రాత్రి షో చవగ్గా ఉందా, పై వరసల్లో కూర్చుంటే ఎంత తగ్గుతుంది, చివర్లో ఫీజుల పేరుతో ఎంత కలుపుతున్నారు, ఇవన్నీ చూసుకుని, వాయిదాలేసి, ఒకరోజు రాత్రి పదకొండింటికి కూర్చుని కొంటాం. అంత కష్టపడి మిగిల్చిన 40 డాలర్లు ఎరీనా తలుపు దాటిన పది నిమిషాల్లో ఒక లైటు బొమ్మకీ ఒక ఐసు గ్లాసుకీ సరిపోతాయి.

లోపలి ఖర్చుకి లెక్క ఇంట్లోనే వేసుకోవాలి. ఎంత పెడతాం అన్నది ఒక భాగమే, ఏది ఏ టైముకి కొంటాం అన్నది ఇంకో భాగం. రెండోదాన్ని ఎవరూ పట్టించుకోరు, నా ఉద్దేశంలో డబ్బులు కారిపోయేది అక్కడే.

లోపల ఏం అమ్ముతారు, ఎంతకి

ఈ షోలు నడిపేది ఫెల్డ్ ఎంటర్‌టైన్‌మెంట్ అనే సంస్థ, 1981 నుంచీ నడుపుతోంది, మాన్‌స్టర్ జామ్ ట్రక్కుల షోలు కూడా వాళ్ళవే. ఎరీనాలోకి వెళ్ళగానే మీకు సాధారణంగా రెండు రకాల కౌంటర్లు కనపడతాయి. ఒకటి షో వాళ్ళది: లైట్లు వెలిగే స్పిన్నర్లు, మంత్రదండాలు, మెత్తటి బొమ్మలు, ఫొటోల పుస్తకం, పాత్రల తలకాయ ఆకారంలో ఉండే గ్లాసులో స్నో కోన్, టోపీతోనో కిరీటంతోనో కలిపి ఇచ్చే కాటన్ క్యాండీ, బొమ్మల డబ్బాలో పాప్‌కార్న్. ఇంకొకటి ఎరీనాది, అంటే బాస్కెట్‌బాల్ మ్యాచ్ ఉన్నా, ఏదైనా పాటల కచేరీ ఉన్నా అదే కౌంటరు: పిజ్జా, నాచోస్, ప్రెట్‌జెల్, ఫ్రైస్, కూల్‌డ్రింకులు, నీళ్ళు. ఈ తేడా తెలిస్తే ఒక లాభం ఉంది. పిల్లకి నిజంగా ఆకలేస్తే రెండో కౌంటరుకి వెళ్ళాలి. మొదటి కౌంటర్లో తిండి పేరుతో అమ్మేది చాలావరకు ప్లాస్టిక్కే.

ధరలు ఊరిని బట్టీ ఏడాదిని బట్టీ మారతాయి కాబట్టి ఇవి అటూ ఇటూగా అనుకోండి. లైటు స్పిన్నరో దండమో అయితే 25 నుంచి 40 డాలర్లు. స్నో కోన్ గ్లాసు 15 నుంచి 20. టోపీతో కాటన్ క్యాండీ కూడా దాదాపు అంతే. పాప్‌కార్న్ 10 పైన, నీళ్ళ సీసా 5 పైన. కార్ పార్కింగ్ వేరు, పెద్ద ఎరీనాల్లో 20 నుంచి 40 దాకా ఉంటుంది, ముందే ఆన్‌లైన్లో కొనుక్కునే వీలుంటే చూసుకోండి.

ఇప్పుడు ఇద్దరు పిల్లలున్న ఇల్లు ఏ లెక్కా లేకుండా వెళ్తే ఏమవుతుందో చూద్దాం. ఇద్దరికీ చెరొక స్పిన్నర్, ఒక్కోటి 30 అనుకుంటే 60. చెరొక స్నో కోన్, 18 చొప్పున 36. మధ్యలో పెద్దమ్మాయికి కాటన్ క్యాండీ 16. పాప్‌కార్న్ 12. నీళ్ళు రెండు సీసాలు 12. మొత్తం 136. డల్లాస్‌లో సేల్స్ టాక్స్ 8.25 శాతం, అది పైన పడితే 147 అవుతుంది. పార్కింగ్ 30 కలిపితే 177. చాలామందికి పైవరసల్లో ఒకటి రెండు టికెట్లకయ్యే డబ్బు కంటే ఇది ఎక్కువ. న్యూజెర్సీలో టాక్స్ 6.625 శాతం కాబట్టి కాస్త తగ్గుతుంది, పెద్ద ఊరటేం కాదు. కొన్నిచోట్ల బోర్డు మీద రాసిన ధరలోనే టాక్స్ కలిసి ఉంటుంది, కొన్నిచోట్ల బిల్లులో పడుతుంది. లెక్క వేసుకునేటప్పుడు పైన పడుతుందనే అనుకోండి, పడకపోతే మిగిలినట్టే.

స్నో కోన్ సంగతి కొంచెం ఆగి చూడాల్సిన విషయం. అందులో ఉండేది నలగ్గొట్టిన ఐసు, పైన రంగు సిరప్. 18 డాలర్లు వెళ్ళేది గ్లాసుకి. కాటన్ క్యాండీ అంటే గుప్పెడు పంచదార, డబ్బు వెళ్ళేది టోపీకి. కాబట్టి కొనే ముందు వేసుకోవాల్సిన ప్రశ్న "మా వాడికి స్నో కోన్ ఇష్టమా" అని కాదు, "ఆ గ్లాసు ఇంట్లో రోజూ వాడతాడా, వారంలో అల్మారా పైకి పోతుందా" అని. రోజూ పాలు తాగడానికి వాడే పిల్ల అయితే నా దృష్టిలో అక్కడ అమ్మే వాటన్నిటిలోకీ అదే ఉత్తమమైన కొనుగోలు, తిండీ జ్ఞాపకమూ రెండూ ఒకే ధరకి వస్తాయి. కాటన్ క్యాండీ టోపీ మాత్రం దండగ, సగం మంది పిల్లలు కారు దాకా కూడా పెట్టుకోరు.

లైటు బొమ్మ ఇంటి నుంచే తీసుకెళ్ళండి

మొత్తం ఖర్చులో సగం తగ్గించే చిట్కా ఇదొక్కటే, మిగతావి చదవకపోయినా ఇది చదవండి.

ఎరీనాలో లైట్లు తగ్గించగానే ఏం జరుగుతుందంటే, చుట్టూ కూర్చున్న వందలమంది పిల్లల చేతుల్లో స్పిన్నర్లు ఒక్కసారిగా వెలుగుతాయి. ఎర్రవి, నీలివి, గిర్రున తిరిగేవి. మీ పాప చేతిలో ఏమీ లేదు. అప్పటిదాకా బుద్ధిగా కూర్చున్న పిల్ల అప్పుడు అడుగుతుంది, అడగదా మరి! సరిగ్గా ఆ టైముకే తల పైకి బొమ్మలెత్తి పట్టుకుని మెట్ల మీద నుంచి అమ్మేవాళ్ళు దిగుతుంటారు. నాంపల్లి నుమాయిష్‌లో లైటు బొమ్మలవాడు మన పిల్లాడి మొహం ముందే బొమ్మ వెలిగించి చూపిస్తాడు చూడండి, అచ్చం ఆ విద్యే. కాకపోతే అక్కడ నూట యాభై అన్నదాన్ని ఎనభైకి బేరం ఆడొచ్చు, ఇక్కడ కార్డు గీకడమే.

పిల్లకి కావాల్సింది అందరిలాగా చేతిలో వెలిగేది ఒకటి. అది 30 డాలర్లదా 3 డాలర్లదా అన్నది నాలుగేళ్ళ పిల్లకి పట్టదు. డాలర్ ట్రీ షాపులో గ్లో స్టిక్కుల ప్యాకెట్ దొరుకుతుంది, ఫైవ్ బిలో అనే షాపులో లైటు దండాలు దొరుకుతాయి, హాలోవీన్ అయిపోయిన మర్నాడు టార్గెట్‌లో, వాల్‌మార్ట్‌లో ఇలాంటివన్నీ సగం ధరకి పెడతారు, షో చలికాలంలో అయితే అప్పుడే కొని దాచేయొచ్చు. పాత షోల స్పిన్నర్లు ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లో కూడా కనపడుతుంటాయి, గుడ్‌విల్ లాంటి సెకండ్‌హ్యాండ్ షాపుల్లో ఆ తలకాయ గ్లాసులు కూడా ఉంటాయి. కొత్త బ్యాటరీలు వేసి, తుడిచి, కవర్లో పెట్టి ఇస్తే పిల్లలకి అది పాతదని తెలియనే తెలియదు.

దాన్ని ఎప్పుడు ఇవ్వాలన్నది ముఖ్యం. కారులోనే ఇచ్చేస్తే ఎరీనాకి చేరేసరికి పాతబడిపోతుంది, లేదా విరిగిపోతుంది. సీట్లో కూర్చోబెట్టి, లైట్లు తగ్గుతుండగా బ్యాగులోంచి తీసి ఇవ్వండి. చుట్టూ అందరివీ వెలుగుతున్నప్పుడే వీళ్ళదీ వెలుగుతుంది, అడగాలన్న ఆలోచనే రాదు.

రెండు జాగ్రత్తలు. చవక లైటు బొమ్మల్లో బటన్ బ్యాటరీలు ఉంటాయి, ఆ బ్యాటరీ మూత స్క్రూతో బిగించి ఉందో లేదో కొనేటప్పుడే చూడండి, గోరుతో ఊడొచ్చేదైతే వద్దు, చిన్న పిల్లలు మింగితే అది చాలా ప్రమాదం. బుడగలు వదిలే దండాలు కూడా వద్దు, ఆ సబ్బు నీళ్ళు మెట్ల మీద పడితే జారతాయి, సెక్యూరిటీ వాళ్ళూ ఊరుకోకపోవచ్చు.

ఆరేడేళ్ళు దాటిన పిల్లలకి మాత్రం ఈ చిట్కా సరిగ్గా పనిచెయ్యదు. వాళ్ళకి తేడా తెలుస్తుంది, "ఇది డాలర్ ట్రీది" అని మొహం మీదే చెప్పేస్తారు. వాళ్ళతో వేరేగా మాట్లాడాలి.

పెద్ద పిల్లలకి కార్డు ముక్క ఇవ్వండి

షోకి రెండు మూడు రోజుల ముందు కూర్చోబెట్టి డబ్బుల సంగతి నేరుగా చెప్పండి. "నీకు 25 డాలర్లు. తినేది కావాలా, ఆడుకునేది కావాలా, నువ్వే చెప్పు. 25 దాటితే మిగతాది నీ హుండీలోంచి." ఇంతే. చూద్దాంలే అని మాత్రం అనకండి, చూద్దాంలే అంటే పిల్లలకి సరే అన్నట్టే.

చాలా ఎరీనాల్లో ఇప్పుడు నగదు తీసుకోరు, కార్డో ఫోనో ఉండాల్సిందే. అందువల్ల అమ్మమ్మ ఇచ్చిన 20 డాలర్ల నోటు పిల్ల చేతిలో ఉన్నా అక్కడ చెల్లకపోవచ్చు, కార్డు మీద గీకడం వల్ల పిల్లలకీ మనకీ కూడా డబ్బు ఎంత పోయిందో తెలియదు. దీనికి ఒక చిన్న పని చేయండి. ఒక ఇండెక్స్ కార్డు తీసుకుని దాని మీద పిల్ల పేరు రాసి, ఐదేసి డాలర్ల గళ్ళు ఐదు గీయండి. కొన్నప్పుడల్లా పెన్నుతో గళ్ళు కొట్టేయాలి, 18 డాలర్ల గ్లాసు కొంటే నాలుగు గళ్ళు పోతాయి, రెండు డాలర్లు ఎక్కువే పోయాయని ఏడ్చే పిల్లాడైతే లెక్కలు బాగానే వచ్చినట్టు, సంతోషించండి. కార్డు వాళ్ళ జేబులోనే ఉండాలి. గళ్ళన్నీ కొట్టేశాక వాళ్ళే అడగడం మానేస్తారు, మనం వద్దనడం కంటే ఖాళీ కార్డు వద్దనడం వాళ్ళకి తేలిగ్గా ఎక్కుతుంది.

లోపలికి వెళ్ళగానే కౌంటర్లన్నీ ఒక చుట్టు తిప్పి చూపించండి, కానీ కొనొద్దు. ఏమేం ఉన్నాయో, ధరలెంతో చూసుకుని వచ్చి కూర్చోమనండి. మొదటి సగం అయ్యేసరికి కూడా అదే కావాలంటే అప్పుడు కొనండి. సగం పిల్లలు మనసు మార్చుకుంటారు. అలా మార్చుకున్నవాళ్ళు ముందే కొనుంటే రెండోది కూడా అడిగేవాళ్ళు.

నాలుగు కుటుంబాలు కలిసి వెళ్తే

మన వాళ్ళలో అసలు బడ్జెట్ పోయేది ఇక్కడ. ఒకే కమ్యూనిటీలో ఉండే నాలుగు ఇళ్ళు కలిసి టికెట్లు కొంటాం, ఒకే వరసలో కూర్చుంటాం. ఒక నాన్నగారు ఉత్సాహంగా లేచి వాళ్ళబ్బాయికి స్పిన్నర్ కొంటాడు. పక్కనే మీ అబ్బాయి చూస్తుంటాడు. ఆయనకి మొహమాటం, "వీడికి కూడా ఒకటి ఇవ్వండి" అంటాడు. మీకు మొహమాటం, "అయ్యో వద్దండీ" అంటూనే మిగతా ముగ్గురు పిల్లలకీ మీరు కొంటారు. వాళ్ళు ఊరుకుంటారా, అందరికీ స్నో కోన్‌లు వాళ్ళవి. ఇంటర్వెల్ అయ్యేసరికి ప్రతి ఇల్లూ తమ పిల్లలకి కొననన్ని వస్తువులు పక్కవాళ్ళ పిల్లలకి కొని ఉంటుంది, ఎవరికీ ఇష్టం లేదు, ఎవరూ పైకి అనలేరు.

ఇది ఆపాలంటే ముందే గ్రూపులో ఒక్క మెసేజ్ పెడితే చాలు. ఎవరో ఒకరు మొదలుపెట్టాలి, అది మీరే అవ్వండి. ఇలా రాయొచ్చు:

"అందరికీ హాయ్. శనివారం షోలో పిల్లలకి లోపల తలా ఒక్కటే కొందామా? మేం ఇంటి నుంచి లైటు దండాలు తెస్తున్నాం, పిల్లలందరికీ సరిపోయేన్ని. ఇంటర్వెల్‌లో ఎవరి పిల్లలకి వాళ్ళే ఒక స్నో కోన్ గానీ పాప్‌కార్న్ గానీ, పక్కవాళ్ళ పిల్లలకి కొనడం వద్దు ప్లీజ్. షో అయ్యాక అందరం కలిసి బిర్యానీకి వెళ్దాం, అది స్ప్లిట్‌వైజ్ యాప్‌లో వేసి పంచుకుందాం."

చదివిన ప్రతి ఇంట్లోనూ హమ్మయ్య అనుకుంటారు, పైకి మాత్రం బొటనవేలు గుర్తు పెడతారు, అంతే చాలు. ఇందులో కీలకమైనది ఆఖరి వాక్యం. ఖర్చు వద్దు అని ఊరికే అంటే పిసినారితనంలా వినిపిస్తుంది, ఆ ఖర్చు వేరేచోట పెడదాం అంటే ప్లానులా వినిపిస్తుంది.

పిల్లలందరికీ ఒకే రంగు దండం కొనండి. నీలం ఒకరికీ గులాబీ ఒకరికీ ఇచ్చారో, షో అంతా ఆ పంచాయితీనే.

తిండి

బయటి తిండి దాదాపు ఏ ఎరీనాలోనూ లోపలికి రానివ్వరు. పసిపిల్లల పాలు, బేబీ ఫుడ్, షుగరో ఇంకేదో ఉన్నవాళ్ళకి అవసరమైన తిండి లాంటి వాటికి చాలాచోట్ల మినహాయింపు ఇస్తారు, మీ ఎరీనా సైట్‌లో ముందే చూసుకోండి. ఖాళీ నీళ్ళ సీసా తీసుకెళ్ళనిస్తారో లేదో కూడా అక్కడే ఉంటుంది, రానిస్తే లోపల కుళాయి దగ్గర నింపుకోవచ్చు, ఆ 12 డాలర్లు మిగులుతాయి. బ్యాగు విషయంలో కూడా చాలా ఎరీనాలు పారదర్శకంగా ఉండే బ్యాగే తెమ్మంటాయి, డైపర్ బ్యాగుకి వేరే రూలు ఉంటుంది. ఇవి చూసుకోకుండా వెళ్తే మళ్ళీ పార్కింగ్ దాకా నడిచి కారులో పెట్టి రావాలి, చలిలో, పిల్లని ఎత్తుకుని.

షో టైమును బట్టి తిండి ప్లాను మారుతుంది. శనివారాల్లో సాధారణంగా ఉదయం పదకొండుకొకటి, మధ్యాహ్నం మూడుకొకటి, రాత్రి ఏడుకొకటి ఉంటాయి, ఇంటర్వెల్‌తో కలిపి రెండు గంటల షో. పదకొండు గంటల షో అయితే ఇడ్లీలో దోసెలో గట్టిగా పెట్టి బయల్దేరితే ఒంటిగంటకి బయటికొచ్చి భోంచేయొచ్చు, ఖర్చు పరంగా ఇదే మంచిది. మూడు గంటల షో చాలా ప్రమాదం. సరిగ్గా నాలుగింటికి, స్కూల్ నుంచి వచ్చి ఏదో ఒకటి తినే అలవాటున్న టైముకి ఇంటర్వెల్ పడుతుంది. దానికి వెళ్తే భోజనం ఆలస్యంగా, రెండింటికి పెట్టండి. జంతికలో చేగోడీలో ఒక డబ్బా కారులో ఉంచండి, పార్కింగ్‌లో దిగే ముందు తలా నాలుగు, తిరిగొచ్చాక మిగతావి. తిరిగొచ్చేటప్పుడు పార్కింగ్‌లోంచి కార్లు కదలడానికి అరగంట పట్టొచ్చు, ఆ అరగంటలో డబ్బా ఖాళీ అవుతుంది.

శాకాహారులకి లోపల ఏది పనికొస్తుందన్నది అమ్మమ్మలూ తాతయ్యలూ వచ్చినప్పుడు తప్పకుండా వచ్చే ప్రశ్న. పాప్‌కార్న్, ప్రెట్‌జెల్, కాటన్ క్యాండీ దగ్గర పెద్దగా ఇబ్బంది రాదు. ఫ్రైస్ మాత్రం చికెన్ టెండర్స్ వేయించిన నూనెలోనే వేయిస్తుంటారు, పట్టింపు ఉంటే అడిగి తీసుకోండి. పిజ్జా, నాచోస్ మీద చీజ్‌లో రెనెట్ (పాలు విరగ్గొట్టడానికి వాడేది, కొన్నిసార్లు దూడ కడుపులోంచి తీస్తారు) సంగతి పట్టించుకునే ఇళ్ళు ఉంటే అవి వదిలేయడమే మేలు. గమ్మీ మిఠాయిల్లో చాలావాటిలో జెలటిన్ (జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసేది) ఉంటుంది, అవి పిల్లలకి ఊరికే ఇచ్చేస్తాం గానీ చాలామందికి తెలియదు. టీ మాటకొస్తే లోపల దొరికే టీ తాతయ్యలు తాగే టీ కాదు, ఇంట్లోనే తాగించి తీసుకెళ్ళండి.

తాతయ్యల గురించి ఇంకో మాట. ధర చెప్పకండి. 30 డాలర్లు అనగానే ఆయన లోపల రూపాయల్లోకి మార్చేస్తారు, రెండున్నర వేలు దాటుతుంది, ఇక షో అయ్యేదాకా ఐసు మీద ఎవరు గెంతుతున్నారో ఆయనకి కనపడదు.

ఇంటర్వెల్

ఇంటర్వెల్ ఇరవై నిమిషాలకి మించదు, అందరూ ఒకేసారి లేస్తారు. ఇద్దరు పెద్దవాళ్ళుంటే పని పంచుకోండి, ఒకరు పిల్లల్ని బాత్రూముకి, ఒకరు కౌంటరు వరసలోకి. ఏం కొనాలో ముందే అనుకున్నారు కాబట్టి పిల్లలు కౌంటరు దగ్గరికి రానే అక్కర్లేదు, రాకపోవడమే మంచిది. ఒక్కరే వెళ్తే మొదటి సగం ముగియడానికి ఐదు నిమిషాల ముందే లేవండి, వరస ఉండదు.

వీలైతే పిల్లల్ని సీట్లలోనే ఉంచండి, ఎందుకంటే ఆ టైములో ఐసు చదును చేసే జాంబోనీ బండి లోపలికి వస్తుంది. నున్నగా మెరిసే చార వదులుకుంటూ అది గుండ్రంగా తిరుగుతుంటే చిన్న మగపిల్లలు మిక్కీ కంటే దాన్నే ఎక్కువ చూస్తారు. దానికి వేరే టికెట్ లేదు.

స్నో కోన్ షో మొదలవక ముందు మాత్రం కొనకండి. లోపల చల్లగా ఉంటుంది, స్వెట్టర్లు వేసుకునే కూర్చుంటాం, చేతిలో ఐసు గ్లాసు పట్టుకున్న పిల్ల పది నిమిషాల్లో "చలి" అంటుంది, సగం తిని మీ చేతికిస్తుంది. పైగా ఆ నీలం సిరప్ తెల్లటి ప్రిన్సెస్ గౌను మీద పడితే ఇక వదలదు, గౌను ఖర్చు కూడా ఇందులోనే రాసుకోవాలి. ఇంటర్వెల్‌లో కొంటే రెండో సగం మొదలయ్యేసరికి తినేస్తారు. మొత్తం ఐసు తినాలని లేదు, గ్లాసు మనది, మిగిలింది సింకులో పారబోసి కడిగి తెచ్చుకోవచ్చు.

సీట్లో కూర్చునేటప్పుడు దారి వైపు పెద్దవాళ్ళు కూర్చోండి, పిల్లల్ని లోపలికి పెట్టండి. అమ్మేవాళ్ళు పిల్లల ఎత్తుకి బొమ్మ దించి చూపించే వీలు లేకుండా పోతుంది. ఇంత చిన్న విషయం ఎంత డబ్బు మిగులుస్తుందో చెప్తే నమ్మరు.

ఇప్పుడు ఇందాకటి లెక్కనే ఈ పద్ధతిలో చూడండి. ఇంటి నుంచి రెండు లైటు దండాలు, 10. ఇంటర్వెల్‌లో రెండు స్నో కోన్ గ్లాసులు 36, అందరికీ కలిపి ఒక పాప్‌కార్న్ 12, ఒక నీళ్ళ సీసా 6, టాక్స్‌తో కలిపి 58 చిల్లర. పార్కింగ్ కాకుండా మొత్తం 70 లోపే, పిల్లలకి ఏదీ తక్కువైనట్టు ఉండదు. ఒక 20 పక్కన ఉంచుకోండి, వాడకపోయినా సరే. ఎందుకంటే ఒక్కోసారి పిల్ల షో అంతా నోరు తెరుచుకుని చూసి, చివర్లో ఒక చిన్న బొమ్మ చూపించి, చాలా నెమ్మదిగా అడుగుతుంది. అప్పుడు కొనాలి. బడ్జెట్ వేసుకునేది అలాంటి చోట ఇబ్బంది పడకుండా జేబులో చేయి పెట్టడానికే కదా.

కొన్నాక

స్పిన్నరో దండమో అక్కడే కొంటే కౌంటరు వదిలే ముందే స్విచ్ వేసి చూడండి, అన్ని లైట్లూ వెలుగుతున్నాయా, తిరగాల్సింది తిరుగుతోందా. పాడైనది అక్కడికక్కడే మారుస్తారు, ఇంటికెళ్ళాక ఎవర్ని అడుగుతాం, షో వచ్చే వారానికి ఇంకో ఊళ్ళో ఉంటుంది. బిల్లు ఇంటికెళ్ళేదాకా పారేయకండి, గుంపులో రెండుసార్లు కార్డు గీకిన సందర్భాలు వస్తుంటాయి.

షో ముగిశాక బయటికొచ్చే దారిలో మళ్ళీ కౌంటర్లు ఉంటాయి. అక్కడ పిల్లల్ని ఎత్తుకునో, బిర్యానీ మాట ఎత్తుకునో గబగబా దాటేయండి. గ్లాసు మీద డిష్‌వాషర్ గుర్తు ఉందో లేదో చూసుకోండి, లేకపోతే చేత్తో కడగండి, వేడికి బొమ్మ మొహం వంకర పోతుంది. లైటు దండాల్లోంచి బ్యాటరీలు తీసేసి, ఒక కవర్లో వేసి, హాలోవీన్ సామాన్ల పెట్టెలో పెట్టండి. బ్యాటరీలు లోపలే వదిలేస్తే కారి తుప్పు పట్టిస్తాయి, వచ్చే ఏడాది మళ్ళీ కొనాల్సొస్తుంది.